రెండు వందల నాలుగు కిలోలు

ఎవరి పనిని వాళ్ల ముందు తక్కువ చేసి మాట్లాడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. లిఫ్టు మెకానిక్కు అయితే మాట్లాడనక్కర్లేదు, రాస్తే చాలు.

ఆ సోమవారం పొద్దున అతను ఆరంతస్తుల మేడకు వచ్చి, లిఫ్టు పక్కన మేకుకు వేలాడే ఫిర్యాదుల పుస్తకం తెరిచాడు. మామూలుగా అందులో తలుపు కిర్రుమంటోందనో, ఫ్యాను తిరగడం లేదనో ఉంటుంది. ఈసారి పేజీ నిండా పిల్లల చేతిరాత.

"తాడు తెగితే లోపలున్నవాళ్లు గాల్లో తేలతారా?"

"తాడు తెగినప్పుడు చేతిలో తాళంచెవి వదిలేస్తే కింద పడుతుందా, పక్కనే ఉంటుందా?"

"తాడు ఏ రోజు తెగుతుందో ముందే చెబితే కెమెరా తెచ్చుకుంటాం."

మొత్తం పన్నెండు ఫిర్యాదులు. పన్నెండింట్లోనూ తాడు తెగింది.

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. తండ్రి దగ్గర స్పానర్ పట్టడం నేర్చుకుని తొమ్మిదేళ్లయింది. నలభై లిఫ్టులు అతని చేతిమీద నడుస్తున్నాయి. ఒక్కటంటే ఒక్కటి పడలేదు. పైగా కంపెనీ నియమం ఒకటి ఏడిచింది. పుస్తకంలో ఎవరు ఏం రాసినా, ఎంత పిచ్చిగా రాసినా, పక్క గడిలో 'తీసుకున్న చర్య' రాసి సంతకం పెట్టాల్సిందే. అతను పన్నెండు గడుల్లోనూ 'తెగదు' అని రాశాడు. పన్నెండోసారి రాసేటప్పుడు కాగితం చిరిగింది.

అంతలో పుస్తకాల సంచులతో నలుగురైదుగురు పిల్లలు మెట్ల మీంచి రొప్పుతూ దిగారు. లిఫ్టు ఖాళీగా నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"లిఫ్టుండగా మెట్లెందుకురా?" అన్నాడు.

"ఐదో అంతస్తులో ఫిజిక్స్ టీచర్ దగ్గర ట్యూషనండీ. తాడు తెగే పాఠం అయ్యేదాకా ఎక్కకూడదనుకున్నాం."

మెకానిక్ లిఫ్టెక్కి ఐదు నొక్కాడు.

తలుపు తీసిన అమ్మాయి చేతిలో సుద్దముక్క ఉంది. చెంప మీద సుద్ద గీత ఒకటి ఉంది, అది ఆమెకు తెలిసినట్టు లేదు. వెనక బోర్డు మీద లిఫ్టు బొమ్మ, దాన్లో నవ్వుతూ తేలుతున్న మనిషి, పైన తెగిన తాడు.

"లిఫ్టు తాడు తెగుతుందని పిల్లలకు చెప్పింది మీరేనా?"

"తెగుతుందని చెప్పలేదండీ. తెగిందనుకోండి అన్నాను."

"ఎందుకనుకోవాలి?"

"దాన్ని ఆలోచనా ప్రయోగం అంటారు. చేత్తో చెయ్యకుండా బుర్రలోనే చేసి చూస్తాం. లిఫ్టూ మనిషీ ఒకే వేగంతో పడుతుంటే ఆ మనిషికి బరువే తెలియదు..."

"బుర్రలో చేసేదైతే మీ బుర్రలో ఉన్న లిఫ్టు తాడు తెంపుకోండి. నా లిఫ్టు జోలికెందుకు వస్తారు?"

"మీ లిఫ్టని పేరు పెట్టి అన్నానా?"

"ఈ మేడలో ఇంకో లిఫ్టుందా?"

అతను బోర్డు వైపు చెయ్యి చాపాడు.

"అసలు ఆ బొమ్మేమిటండీ? ఒక్క తాడా? నాలుగుంటాయి. వేలంత లావు ఇనుప తాళ్లు. మూడు తెగినా నాలుగోది పెట్టెను మోస్తుంది. నాలుగూ తెగాయే అనుకోండి, పెట్టె కింద దవడలుంటాయి. వేగం మించిందంటే పట్టాలను కరిచి పట్టుకుంటాయి."

"సరే, ఆ దవడలు కూడా లేవనుకోండి."

"ఎందుకు లేవనుకోవాలి? పోయిన వారమేగా చూసొచ్చాను!"

ఆమెకు నవ్వాగలేదు. ఇంత కోపంలో ఉన్న మనిషి ముందు అలా నవ్వడం తప్పని ఎవరైనా చెప్పాలి. ఆ నవ్వుకు చెంప మీది సుద్ద గీత వంకర పోయింది. అది చూసి అతనికి తర్వాత అనాల్సిన మాట గుర్తు రాలేదు. దాంతో కోపం రెట్టింపయింది.

"నాయనా, ఆ దవడల మాట నిజమేనా?" లోపల కిటికీ పక్క కుర్చీలోంచి వినిపించింది. టీచర్ అమ్మమ్మ.

"నిజమే బామ్మగారూ. మీరు రోజూ ఎక్కుతూ దిగుతూ..."

"నేనెక్కడ ఎక్కాను? ఏడాదయింది కిందికి దిగి. మోకాళ్లు మెట్లు దిగనివ్వవు, దీని పాఠం లిఫ్టెక్కనివ్వదు. రోజూ పొద్దున్నే ఆ గదిలో తాడు తెగుతూనే ఉంటుంది నాయనా. ఎన్నిసార్లని విని ఊరుకోను?"

మెకానిక్ టీచర్ వైపు తిరిగాడు. "చూశారా? మీ ప్రయోగం ఒక పెద్ద మనిషిని ఇంట్లో పెట్టి తాళమేసింది."

ఈసారి ఆమె నవ్వలేదు. తలుపు మాత్రం గట్టిగానే వేసింది.

*

మరుసటి సోమవారం పుస్తకంలో అతని పన్నెండు 'తెగదు'ల కింద ఎర్ర సిరా కనిపించింది.

"ప్రశ్న 'తెగితే' అని. జవాబు 'తెగదు' అని రాశారు. ప్రశ్న సరిగా చదవండి. పన్నెండుకు సున్నా."

సున్నా! బళ్లో కూడా అతనికి సున్నా వచ్చిన పాపాన పోలేదు. ఆ రోజంతా ఏ నట్టు బిగించినా సున్నాలాగే కనబడింది. సాయంత్రం మళ్లీ వచ్చి, "తెగితే తాళంచెవి పక్కనే ఉంటుంది. ఎందుకంటే రెండూ కలిసే పడతాయి. అయినా తెగదు" అని రాశాడు. గురువారం వచ్చి చూస్తే మార్కులు పన్నెండుకు ఆరు. 'అయినా తెగదు' కింద ఎర్రగా రెండు గీతలు.

అసలు గురువారం అతనికి ఆ మేడలో పనే లేదు. తనిఖీ అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఇంకో వారం ఇలా వచ్చింది: "కిటికీ లేని లిఫ్టులో కళ్లు మూసుకుని నిలబడితే, పైకి పోతున్నామో కిందికి పోతున్నామో తెలుస్తుందా?"

దీనికి అతను ఆలోచించనే లేదు. "బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు తెలుస్తుంది. మధ్యలో తెలియదు. మధ్యలో తెలిస్తే నా పని బాగోలేదని అర్థం."

ఎర్ర సిరా జవాబు: "మా పుస్తకం దీనికి నాలుగు పేజీలు తీసుకుంది. పదికి పది."

అది అతను నిలబడి నాలుగుసార్లు చదివాడు. నియమం అడ్డొచ్చింది గానీ, లేకపోతే ఆ కాగితం చింపి జేబులో పెట్టుకునేవాడే.

తర్వాతి సోమవారం లిఫ్టులో బరువు చూసే త్రాసొకటి ఉంది. దాని మీద చీటీ: "దీని మీద నిలబడి పైకి రండి. ముల్లు చూస్తూ రండి."

ఐదో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఆమె ఎదురుగా నిలబడి ఉంది. ఎందుకో రొప్పుతోంది. మెడ మీద చెమట.

"ఎంత చూపించింది?"

"మీ త్రాసు చెడింది. నేను అరవై ఎనిమిది. బయల్దేరగానే డెబ్బై రెండంది. మధ్యలో మళ్లీ అరవై ఎనిమిది. ఆగబోయే ముందు అరవై నాలుగు!"

"త్రాసు శుభ్రంగా ఉంది."

"అయితే నా లిఫ్టు జనానికి నాలుగేసి కిలోలు పెంచుతోందంటారా? ఇది కూడా ఫిర్యాదేనా?"

"మీ కాళ్లకు ఎప్పుడూ తెలియలేదా?"

తెలుసు. తొమ్మిదేళ్లుగా మోకాళ్లకు తెలుసు, కడుపుకు తెలుసు. దానికో లెక్క ఉందని మాత్రం తెలియదు.

"ఇప్పుడు చెప్పండి," ఆమె గొంతు తగ్గించింది. "తాడు తెగితే ఆ ముల్లు ఎక్కడుంటుంది?"

అతను త్రాసు వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి తన బుర్రలో తన లిఫ్టు తాళ్లు తనే తెంపాడు. "సున్నా దగ్గర," అన్నాడు నెమ్మదిగా. అది అంత అందంగా ఉండటం అతనికి నచ్చలేదు. మాట మార్చడానికి, "మరి మీ బరువెంత?" అన్నాడు.

"ఆడపిల్లని బరువడుగుతారా? సిగ్గులేదూ?"

"నా బరువు చెప్పించుకున్నారుగా!"

"అది సైన్సు."

"సరే, అయితే నా సైన్సు వినండి. పెట్టెలో ఒక్కరే ఉన్నారు. తాళ్లన్నీ బాగున్నాయి. బ్రేకు వదిలేసింది. లిఫ్టు ఎటు పోతుంది?"

"కిందికి. చిన్నపిల్లాడైనా చెప్తాడు."

"పైకి."

"గురుత్వాకర్షణ మీకేమైనా చుట్టమా?"

"తాళ్ల రెండో కొసకు ఇనుప దిమ్మెలు వేలాడుతుంటాయి మేడమ్. కౌంటర్ వెయిట్. ఖాళీ పెట్టె బరువెంతో అంత, దానిమీద మనుషుల బరువులో సగం. ఇది ఆరుగురి లిఫ్టు, నాలుగు వందల ఎనిమిది కిలోలు. సగం రెండు వందల నాలుగు. లోపల అంతకన్నా తక్కువుంటే పెట్టె పైకి పోతుంది. ఎక్కువుంటే కిందికి. సరిగ్గా అంతే ఉంటే ఎటూ పోదు, ఉన్నచోటే ఉంటుంది."

ఆమె ముఖం ఎర్రబడింది. ఆరేళ్లుగా లిఫ్టు బొమ్మ గీస్తోంది. రెండో కొస ఒక్కసారీ గీయలేదు.

"ఇది ఏ పాఠంలోనూ రాయలేదే!"

"మీరు తాడు తెంపేస్తారుగా, రెండో కొస ఎవరికి కనబడుతుంది? రండి, పైన మోటారు గదిలో చూపిస్తాను. ఎక్కండి."

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. "నేను మెట్ల మీద వస్తాను."

అప్పుడు అతనికి ఆ రొప్పు, ఆ చెమట అర్థమయ్యాయి. అర్థమైనవాడు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"మీరూ ఎక్కరా? పిల్లల ముందు రోజూ ధైర్యంగా తాడు తెంపుతారు, మీరేమో మెట్లెక్కుతారు. మీకే నమ్మకం లేని పాఠమా అది? మీ భయానికి బామ్మగారిని కూడా కట్టిపడేశారా?"

"నమ్మకం లేక కాదు," ఆమె రోషంగా అంది. "ఊహించడం నా పని. ఎన్నిసార్లు ఊహించానో, ఇప్పుడు ఏ లిఫ్టు తలుపు మూసుకున్నా నా తలలో తాడు తెగుతుంది. ఆపడం నాకు చేతకాదు. చాలా? వెళ్లి అందరికీ చెప్పి నవ్వుకోండి."

అతనికి నవ్వు రాలేదు. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది.

*

రెండు వారాలు పుస్తకంలో ఒక్క ఫిర్యాదూ లేదు. మెకానిక్ అన్నవాడు సంతోషించాలి. అతను ఖాళీ పేజీ చూసి పళ్లు కొరికాడు.

మూడో సోమవారం వాన. అతను పైన మోటారు గదిలో పని సగంలో ఉండగా ఫోన్ మోగింది. పుస్తకం అట్ట మీదున్న నంబరు చూసి అమ్మమ్మ చేసింది.

"నాయనా, నాకు వాన చూడాలనుంది. కిటికీలోంచి కాదు, కింద నిలబడి. నువ్వు నాతో ఎక్కుతానంటే ఎక్కుతాను."

అతను పరుగున దిగాడు. టీచర్ తలుపు తీసింది గానీ ముఖం చూడలేదు. అతను ఒక గాజుగ్లాసు అడిగి అంచుదాకా నీళ్లు పోసి లిఫ్టు నేల మీద పెట్టాడు.

"మా నాన్న నేర్పిన పద్ధతి బామ్మగారూ. రిపేరు చేశాక ఇలా పెట్టి నడపాలి. చుక్క ఒలికితే పని మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి."

అమ్మమ్మ గ్లాసు మీంచి చూపు తిప్పకుండా కిందికి దిగింది. టీచర్ మెట్ల మీద లిఫ్టుతో సమానంగా పరిగెత్తుతూ, ప్రతి అంతస్తులోనూ తలుపు అద్దంలోంచి తొంగిచూసింది. చుక్క ఒలకలేదు. అమ్మమ్మ గేటు దగ్గర నిలబడి, చెయ్యి చాచి, పావుగంట వాన పట్టుకుంది. ఆ పావుగంటా టీచర్ కళ్లు తుడుచుకుంటూ వాన జల్లని అబద్ధమాడింది.

తిరిగి పైకి వచ్చేటప్పుడు మూడో అంతస్తు దాటగానే ఎక్కడో ఉరిమింది. లిఫ్టు ఆగిపోయింది. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చే బ్యాటరీ పెట్టించమని అతను మూడేళ్లుగా మేడ కమిటీకి రాస్తున్నాడు. వాళ్లేమో గోడలకు రంగులేయించారు.

ఆఫీసుకు ఫోన్ చేస్తే, రోడ్లన్నీ నీళ్లు, మనిషి రావడానికి గంటన్నర అన్నారు. ఫ్యాను లేదు. అమ్మమ్మ నుదుటి మీద చెమట పట్టింది. ఆమె చెయ్యి గుండెల మీద ఉంది. అతను టీచర్‌కు ఫోన్ చేశాడు.

"పై గదికి వెళ్లండి. తాళం వెయ్యలేదు." అలా వదలడం నియమానికి విరుద్ధం. తన మీద తనకే ఒళ్లు మండింది.

రెండు నిమిషాలకు రొప్పు వినిపించింది. "వచ్చాను."

"గోడ మీద ఎర్ర మెయిన్ స్విచ్ దించండి. కరెంటొచ్చినా మోటారు తిరక్కూడదు. దించారా? పక్కన పొడవాటి ఇనుప కడ్డీ వేలాడుతోంది. మోటారు బ్రేకు మీద దానికి చోటుంది, దూర్చండి."

"దూర్చాను. ఇప్పుడు?"

"కొంచెం నొక్కి వదలండి."

ఆమె కడ్డీ మీద చెయ్యి వేసి ఆగింది.

"నొక్కితే బ్రేకు వదిలేస్తుంది కదూ?"

"అవును."

"అంటే నా చేత్తో నేనే..." ఆమె కడ్డీ మీంచి చెయ్యి తీసేసింది. "నా వల్ల కాదు. నాకు కనబడుతోంది. మీరిద్దరూ దాన్లో..."

"మేడమ్, మీ బోర్డు మీది బొమ్మ కాదు, ఎదురుగా ఉన్నది చూడండి. చక్రం అవతలికి తాళ్లు దిగుతున్నాయా?"

"దిగుతున్నాయి."

"అదే రెండో కొస. నా మాట నమ్మొద్దు. లెక్క మీరే వెయ్యండి."

ఆ మాటకు ఆమె ఊపిరి కుదుటపడింది. ఈసారి వినిపించిన గొంతు పాఠం చెప్పే టీచర్ది. "మీ బరువు?"

"అరవై ఎనిమిది. మీ త్రాసే చెప్పింది."

"అమ్మమ్మా, నీదెంత?"

"యాభై ఐదుంటానేమో," అంది అమ్మమ్మ ఫోన్‌లోకి.

"అమ్మమ్మా!"

"అరవై ఐదు."

"ప్రాణం మీదికొస్తే అబద్ధాలేమిటి? పోయిన నెల డాక్టరు ఇంటికొచ్చి చూసినప్పుడు ఎంతుంది?"

"పరాయి మగవాడి ముందు అరుస్తావేమే? ఎనభై రెండు! సంతోషమా?"

"ఎనభై రెండూ అరవై ఎనిమిదీ నూట యాభై. రెండు వందల నాలుగుకు యాభై నాలుగు తక్కువ..." అని ఒక్క క్షణం ఆగింది. ఎందుకాగిందో అతనికి తెలియలేదు. "పైకి రావాలి."

"పైకే వస్తాం."

చప్పుడు లేకుండా పెట్టె కదిలింది. కాళ్ల కింద నేల మెల్లగా పైకి నెట్టింది. మళ్లీ ఆగింది, మళ్లీ కదిలింది. "తాళ్ల మీద అంతస్తుకో పసుపు గీత ఉంటుంది, అది చక్రం దగ్గరికి రాగానే ఆపండి," అన్నాడు. ఆపింది. అతను తలుపు రెండు చేతులతో లాగాడు. ఎదురుగా నాలుగో అంతస్తు, గడపకు గడప సరిపోయి ఉంది.

ఆమె మెట్ల మీంచి దూకినట్టు వచ్చి అమ్మమ్మను వాటేసుకుంది.

"గ్లాసు!" అన్నాడు మెకానిక్. గ్లాసు ఖాళీగా ఉంది.

"దాహమేసి తాగేశాను," అంది అమ్మమ్మ.

టీచర్ అతని వైపు తిరిగింది. కృతజ్ఞతలు చెబుతుందనుకుని అతను తల దించుకున్నాడు.

"మోటారు గదికి తాళం వెయ్యకుండా ఎలా వచ్చారండీ? పిల్లలెవరైనా వెళితే? పుస్తకంలో రాస్తాను!"

"రాసుకోండి!" అన్నాడు అతను, కడుపు మండి.

*

రాసింది. మరుసటి సోమవారం ఎర్ర సిరాలో ఉంది.

"ఫిర్యాదు ఒకటి: గదికి తాళం వెయ్యలేదు. ఫిర్యాదు రెండు: ఆ రోజు లిఫ్టులో బరువు సగానికి యాభై నాలుగు కిలోలు తక్కువైంది. నా బరువు యాభై నాలుగు. ఇది నేను ఎవరికీ చెప్పను. మీకు చెప్పాను. తగిన చర్య తీసుకోండి."

అతను వేళ్ల మీద కూడాడు. మళ్లీ కూడాడు. రెండు వందల నాలుగు. ఎటూ పోదు, ఉన్నచోటే ఉంటుంది.

అతను లిఫ్టు కోసం ఆగలేదు. ఐదంతస్తులూ మెట్ల మీద పరిగెత్తాడు.

"ఇదేం పద్ధతండీ?" అన్నాడు తలుపు తీయగానే, ఊపిరందక. "ఇలాంటి మాట ఎవరైనా ఫిర్యాదుల పుస్తకంలో రాస్తారా? దానికి నేను సంతకం పెట్టాలి, ఆఫీసువాళ్లు చదువుతారు!"

"నోటితో చెబితే మీరు పోట్లాడతారు. రాస్తే జవాబు ఇవ్వక తప్పదు. నియమం మీదే."

"మీరంటే నాకిష్టం. ఇది నోటితోనే చెబుతున్నాను. ఇప్పుడు పోట్లాడండి."

ఆమె పోట్లాడలేదు. చెంప మీద సుద్ద గీత ఉంది. అతను తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"తలుపు మూసుకునేటప్పుడు వదలకండి," అంది.

అమ్మమ్మను పిలుచుకుని ముగ్గురూ లిఫ్టెక్కారు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. కొంతసేపటికి అతను అడిగాడు, "పైకి పోతున్నామా, కిందికా?"

"తెలియడం లేదు," అంది ఆశ్చర్యంగా, కళ్లు తెరవకుండానే. "తాడు... తాడు తెగలేదు."

"ఆ మాట నేను పన్నెండుసార్లు రాస్తే సున్నా వేశారు."

కింద అతను పుస్తకం తీసి 'తీసుకున్న చర్య' గడిలో రాశాడు: "గదికి తాళం వేశాను. రెండో ఫిర్యాదు విషయంలో లోటు తీరింది. ముగ్గురం కలిసి రెండు వందల నాలుగు." సంతకం పెట్టాడు.

అమ్మమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివి భగ్గుమంది. "నా బరువు అందులో ఎనభై రెండని లెక్క కట్టారా? మేడంతా చదువుతుంది! ఎనభై అని దిద్దు."

"లెక్క చెడుతుంది అమ్మమ్మా!" టీచర్‌కు కోపం వచ్చింది. "రెండు కిలోలు ఎక్కడ్నుంచి తేను?"

"దానికేం తొందర," అంది అమ్మమ్మ, ఇద్దరి చేతుల మీదా తన చెయ్యి వేసి. "మీ పెళ్లి భోజనం పెట్టండి. ఆ రెండు కిలోలూ ఒక్క పూటలో నేను పూడుస్తాను."